నిరుద్యోగ భృతి, చిల్లర సంపాదన: ఏది చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, చెబితే ఏమవుతుంది?

'మీకు పని ఉందా?' అన్న ప్రశ్నకు కృష్ణానగర్‌లో ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగే వాళ్లు తక్కువ. షూటింగ్ ఉన్న రోజు జూనియర్ ఆర్టిస్టు, లేని రోజు పెళ్లిళ్లలో క్యాటరింగ్. పగలు అమీర్‌పేటలో కోచింగ్, రాత్రి ఫుడ్ డెలివరీ. పంజాగుట్టలో కాంట్రాక్టు మారడంతో హౌస్‌కీపింగ్ ఉద్యోగం పోయిన అక్క, కొత్తది దొరికేదాకా రెండిళ్లలో వంట చేస్తుంది. వీళ్లకు ఉద్యోగం లేదు కానీ పని ఉంది. చేతికి డబ్బు వస్తుంది కానీ దాన్ని జీతం అనలేం.

ప్రభుత్వ దరఖాస్తులో మాత్రం 'అవును', 'కాదు' అని రెండే గళ్లు ఉంటాయి. 'కాదు' అని టిక్ పెడితే రేపు అబద్ధం చెప్పారంటారు. 'అవును' అంటే ఈరోజే భృతి ఆగిపోతుంది. ఈ ఇరుకులో ఎక్కువగా పడేది దళిత, ఆదివాసీ, బహుజన కుటుంబాలే. ఉద్యోగం పోయాక ఆరు నెలలు కూర్చుని తినేంత పొదుపు గానీ, అద్దె వచ్చే ఇల్లు గానీ, ఊళ్లో పొలం గానీ లేని వాళ్లు ఏదో ఒక పని చేయక తప్పదు. కూర్చుని తినగలిగిన వాడే నిఖార్సైన నిరుద్యోగి అన్నట్టుగా రూల్స్ ఉంటే, అవి ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాసినవో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఏ భృతి ఉంది, దానికీ చిల్లర సంపాదనకూ సంబంధం ఏమిటి, కోర్టులు ఏమన్నాయి, ఎవరికి ఏం రాసివ్వాలి అన్న విషయాలు కార్యకర్తలకు, విద్యార్థులకు ఒకచోట దొరకాలని ఈ వ్యాసం.

ముందు ఒక తేడా

'నిరుద్యోగ భృతి' అన్న ఒకే పేరుతో మనం నాలుగు వేర్వేరు వాటిని పిలుస్తుంటాం. మొదటిది, చదువుకుని ఉద్యోగం రాని యువతకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. రెండోది, ఉన్న ఉద్యోగం పోయిన బీమా కార్మికుడికి ఈఎస్ఐ ఇచ్చేది. మూడోది, తీసేసినందుకు యజమాని ఇచ్చే పరిహారం, లేదా కేసు నడుస్తుండగా ఇచ్చే వేతనం. నాలుగోది, పని అడిగితే ఇవ్వలేనందుకు ఉపాధి హామీ చట్టం కింద రావాల్సిన భృతి. సైడ్ ఇన్‌కమ్ గురించి ఒక్కోదానిలో ఒక్కో రూలు. ఒకదాని రూలు తెచ్చి ఇంకోదానికి అంటించడం వల్లే బస్తీల్లో సగం భయాలు, సగం అపోహలు పుడుతున్నాయి.

నాలుగోది నగరానికి వర్తించలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకే. అయినా అందులోని లెక్క గుర్తుంచుకోదగ్గది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి 30 రోజులకు కూలిలో పావు వంతుకు, ఆ తర్వాత సగానికి తగ్గకుండా భృతి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఇచ్చిన పనికి 15 రోజుల్లో వెళ్లకపోతే మూడు నెలలు భృతి ఉండదనీ చెప్పింది. ఇక్కడ నిరుద్యోగానికి కొలత 'పని అడిగావా, రాజ్యం ఇచ్చిందా' అన్నదే. నిన్న ఎవరి చేలో కూలికి వెళ్లావన్నది ప్రశ్న కాదు. హక్కు భాషలో రాసిన చట్టానికీ దయ భాషలో రాసిన పథకానికీ ఉన్న తేడా ఇదే.

రెండు తెలుగు రాష్ట్రాలు: హామీలు, జీవోలు

ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న, చదువుకున్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు. 2019 ఎన్నికల ముందు దాన్ని 2,000 చేశారు. ప్రభుత్వం మారాక పథకం ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో నెలకు 3,000 రూపాయలన్న హామీగా మళ్లీ తెరమీదికి వచ్చింది.

తెలంగాణలో 2018 ఎన్నికల్లో టీఆర్ఎస్ నెలకు 3,016 రూపాయల భృతి ఇస్తామంది. 2019 ఫిబ్రవరి ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో 1,810 కోట్లు కేటాయించారు కూడా. ఆ డబ్బు నిరుద్యోగుల ఖాతాల్లోకి రాలేదు. 2023 మేలో హైదరాబాద్ సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ ప్రకటించిన యూత్ డిక్లరేషన్‌లో ఆ అంకె 4,000 అయింది. 2025లో వచ్చిన రాజీవ్ యువ వికాసం స్వయం ఉపాధికి సబ్సిడీతో ఇచ్చే రుణ పథకం. అది భృతి కాదు. కాబట్టి అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే డిగ్రీ విద్యార్థి 'డెలివరీ పని చేస్తే భృతి పోతుందా' అని తెలంగాణలో భయపడాల్సిన పని లేదు. పోవడానికి ముందు అది రావాలి కదా.

మరి ఈ చర్చ ఎందుకు? పథకం వచ్చినప్పుడు దాని రూల్స్ ఎలా ఉంటాయో పక్క రాష్ట్రం చూపిస్తోంది కాబట్టి. కర్ణాటకలో 2024 జనవరి 12న శివమొగ్గలో మొదలైన 'యువనిధి' కింద డిగ్రీ ఉన్న వాళ్లకు నెలకు 3,000, డిప్లొమా ఉన్న వాళ్లకు 1,500, గరిష్ఠంగా రెండేళ్లు. చదువు పూర్తయ్యాక 180 రోజులు ఉద్యోగం లేకుండా ఉండాలి. పై చదువులకు వెళ్తున్న వాళ్లు, అప్రెంటిస్ భత్యం తీసుకునే వాళ్లు, ప్రభుత్వ పథకాల కింద లేదా బ్యాంకు రుణంతో స్వయం ఉపాధిలో ఉన్న వాళ్లు అనర్హులు. ఇంకా నిరుద్యోగినే అని లబ్ధిదారు ఎప్పటికప్పుడు స్వీయ ధ్రువీకరణ ఇస్తూ ఉండాలి. బెంగళూరులో, బళ్లారిలో, కోలారులో ఉన్న తెలుగు దళిత యువతకు ఇది నేరుగా తగిలే విషయం. కార్పొరేషన్ లోన్‌తో కుట్టుమిషన్ కొనుక్కున్న అమ్మాయి 'స్వయం ఉపాధి' లెక్కలో బయటకు పోవచ్చు. తండ్రి దుకాణంలో కూర్చునే అబ్బాయి పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి లోపల ఉండిపోతాడు. చట్టం కంటికి కనపడే సంపాదన ఒక రకం, కనపడనిది ఇంకో రకం. పేదల సంపాదన అప్పు రూపంలో, పథకం రూపంలో రికార్డుకెక్కుతుంది కాబట్టి అదే ముందు కనపడుతుంది.

కేరళ 1982 నుంచి ఇంకో దారిలో నడిచింది. అక్కడి భృతికి కుటుంబ వార్షికాదాయ పరిమితి పెట్టారు. ఇచ్చే మొత్తం నెలకు 120 రూపాయలే, ఎందుకూ చాలదు. అయినా ఒక మంచి సూత్రం అందులో ఉంది. ఆదాయం అసలు ఉందా లేదా అని కాక, ఎంత ఉంది అని అడగడం.

ఈఎస్ఐ: ఉద్యోగం పోయిన కార్మికుడికి ఉన్న ఒకే ఒక్క భృతి

కార్మికుల ఆరోగ్య బీమాపై బి.పి. అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేద్కర్. ఆ పునాది మీద 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. జబ్బుకు, ప్రసూతికి, పనిలో గాయానికి రక్షణ ఇచ్చిన ఆ చట్టంలో నిరుద్యోగానికి చోటు దొరకడానికి ఇంకో 57 ఏళ్లు పట్టింది. 2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా, పనితో సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చే భృతి అది.

2018 జులై 1న వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పరిధి దానికంటే విశాలం. కృష్ణానగర్ చుట్టుపక్కల షాపుల్లో, ఆస్పత్రుల్లో, మాల్స్‌లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో పని చేసే వాళ్లకు నిజంగా పనికొచ్చేది ఇదే. సారాంశం ఇది:

– ఉద్యోగం పోయే ముందు కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి.
– ఉద్యోగం పోవడానికి ముందరి కాంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులు, అంతకు ముందున్న మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో కనీసం 78 రోజులు కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి. కాంట్రిబ్యూషన్ కాలం అంటే ఆరు నెలలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి.
– దుష్ప్రవర్తన పేరుతో తీసేస్తే, పదవీ విరమణ చేస్తే, స్వచ్ఛంద విరమణ తీసుకుంటే రాదు.
– జీవితకాలంలో మొత్తం 90 రోజులకు మించి రాదు.
– మొదట సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చారు. కోవిడ్ లాక్‌డౌన్‌తో 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. ఆ పెంపును తర్వాత పలుమార్లు పొడిగించారు.
– అంతకు ముందు ఉద్యోగం పోయిన 90 రోజులకు గానీ క్లెయిమ్ చేసే వీలుండేది కాదు. అప్పుడే దాన్ని 30 రోజులకు తగ్గించారు. పాత యజమాని సంతకం కోసం తిరగక్కర్లేకుండా నేరుగా బ్రాంచి ఆఫీసులో ఇచ్చే వీలు కూడా అప్పుడే వచ్చింది.

లెక్క వేసి చూద్దాం. నెలకు 18,000 జీతం ఉన్న సేల్స్ గర్ల్ అనుకుందాం. ఈఎస్ఐ పరిమితి 21,000 కాబట్టి ఆమె బీమాలో ఉంటుంది. 2019 జులై నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఆమె వాటా 0.75 శాతం, అంటే నెలకు 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 585. నాలుగు కాంట్రిబ్యూషన్ కాలాల మొత్తం జీతం 4,32,000. దాన్ని 730తో భాగిస్తే సగటు రోజు వేతనం దాదాపు 592 రూపాయలు. అందులో సగం 296. తొంభై రోజులకు సుమారు 26,600 రూపాయలు. రెండేళ్లలో ఆమె పేరున జమ అయిన కాంట్రిబ్యూషన్ 17,280. ఇది ప్రభుత్వం పెట్టే బిచ్చం కాదు, ఆమె పేరు మీద కట్టిన బీమా. ఈ మాట క్లెయిమ్ పెట్టే ప్రతి ఒక్కరికీ ముందు చెప్పాలి. ఎందుకంటే కౌంటర్ దగ్గర మాట్లాడే తీరు దీంతోనే మారుతుంది.

చిల్లర పని దొరికితే?

ఈ పథకంలో క్లెయిమ్‌ను మొదట్లో అఫిడవిట్ రూపంలో ఇవ్వాల్సి ఉండేది, 2020లో ఆ షరతు తీసేశారు. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నిరుద్యోగిని అని క్లెయిమ్‌లో చెప్పాలి. భృతి అడిగిన కాలం మధ్యలో ఉపాధి దొరికితే, ఉద్యోగం పోయిన తేదీ నుంచి మళ్లీ దొరికిన తేదీ దాకే భృతి చెల్లిస్తారు. ఆదాయం వెయ్యి దాటితే ఇంత కోత, రెండు వేలు దాటితే అంత కోత అన్న శ్లాబులు లేవు. ఉపాధి ఉంటే లేదు, లేకపోతే ఉంది, అంతే.

ఇక్కడ మూడు సందర్భాలు వేరు చేసి చూడాలి.

ఒకటి, కొత్త ఉద్యోగం. కొత్త యజమాని మీ పాత బీమా నంబరు మీదే కాంట్రిబ్యూషన్ కడతాడు. ఆధార్, బ్యాంకు ఖాతా, పీఎఫ్ యూఏఎన్ అన్నీ కలిసి ఉంటాయి. చేరిన తేదీ దాచినా దాగదు. చేరిన రోజు నుంచి భృతి అడగకూడదు. మిగిలిన రోజులు ఎక్కడికీ పోవు. 90 రోజుల కోటాలో 40 వాడుకుంటే, అర్హతలు ఉన్నప్పుడు మిగతా 50 ఇంకోసారి వాడుకోవచ్చు. తొందరపడి మొత్తం లాగేయాల్సిన అవసరం లేదని మన వాళ్లకు చెప్పాల్సిన మాట ఇది.

రెండు, రోజు కూలి. నాలుగు రోజులు క్యాటరింగ్‌కో, షూటింగ్ గుంపులోకో వెళ్లారు. ఆ నాలుగు రోజులూ మీరు పని చేశారు, డబ్బు తీసుకున్నారు. ఆ రోజులకు కూడా 'నిరుద్యోగిని' అని క్లెయిమ్ చేయడం ప్రమాదం. ఆ తేదీలు విడిచి మిగతా కాలానికి అడగడం, ఆ సంగతి ఒక కాగితం మీద రాసి జత చేయడం మంచిది. రోజుకు 296 రూపాయల చొప్పున నాలుగు రోజులు వదులుకుంటే పోయేది 1,184 రూపాయలు. తప్పుడు ప్రకటన వల్ల పోయేది అంతకు చాలా ఎక్కువ. అక్రమంగా తీసుకున్న ప్రయోజనాన్ని తిరిగి రాబట్టే అధికారం ఈఎస్ఐ చట్టం 70వ సెక్షన్ ఇచ్చింది. తప్పుడు ప్రకటనకు ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 84వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ తప్పుడు ప్రకటనలకు శిక్షలు ఉన్నాయి.

మూడు, సంపాదన అనిపించుకోని పని. తమ్ముడి టిఫిన్ బండి దగ్గర నిలబడి చట్నీ వడ్డించడం, మేనమామ దుకాణంలో కూర్చుని అక్కడే అన్నం తినడం. ఇది ఉపాధేనా? దీనికి జవాబు సుప్రీంకోర్టు ఇచ్చింది.

బొగ్గు డిపో కేసు

1984లో రాజిందర్ కుమార్ కింద్రా వర్సెస్ ఢిల్లీ అడ్మినిస్ట్రేషన్ కేసులో, తీసేసిన ఉద్యోగికి పాత జీతం ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆ మధ్యకాలంలో అతను మామగారింట్లో ఉంటూ, మామగారి బొగ్గు డిపోలో సాయం చేస్తూ గడిపాడు. 'అదిగో, పని చేస్తున్నాడు కదా' అని యాజమాన్యం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బతకడానికి అయినవాళ్ల పంచన చేరి చేతనైన సాయం చేయడాన్ని లాభసాటి ఉపాధి అంటే, ఆకలికి అడుక్కోవడాన్ని కూడా ఉపాధి అనాల్సి వస్తుందన్నది తీర్పు సారాంశం.

2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో ఇంకో అడుగు పడింది. అక్రమంగా తొలగించినట్టు తేలి తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంటే పాత జీతం ఇవ్వడమే సాధారణ నియమం అంది కోర్టు. తనకు వేరే ఉపాధి లేదని, లేదా తక్కువ జీతానికి పని చేశానని ఉద్యోగి చెప్పుకుంటే చాలు. ఆ తర్వాత, కాదు, సమానమైన సంపాదన ఉంది అని నిరూపించాల్సింది యజమానే. 'తక్కువ జీతానికి పని చేశాను' అని చెప్పినంత మాత్రాన హక్కు పోదన్నది ఇందులో మనం పట్టుకోవాల్సిన అంశం.

పారిశ్రామిక వివాదాల చట్టం 17బి సెక్షన్ కూడా ఇదే దారిలో నడిచింది. కార్మికుడు కేసు గెలిచి, యజమాని పై కోర్టుకు వెళ్తే, అప్పీలు తేలేదాకా చివరి జీతం ఇస్తూ ఉండాలి. దానికి కార్మికుడు వేరేచోట ఉద్యోగం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. అయితే ఏ సంపాదన ఉన్నా జీతం ఆగిపోతుందని ఆ సెక్షన్ అనలేదు. 'తగినంత' ప్రతిఫలం పొందుతున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితేనే ఆపవచ్చంది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ రాకతో పాత చట్టం తప్పుకున్నా, ఈ కొలత మాత్రం వదులుకోకూడనిది. చిల్లర సంపాదన వేరు, తగినంత సంపాదన వేరు అని మన న్యాయశాస్త్రం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది సంక్షేమ పథకాల దరఖాస్తులే.

ఒక హెచ్చరిక. ఈ తీర్పులు యజమానికీ కార్మికుడికీ మధ్య జరిగిన కేసులవి. ఈఎస్ఐ క్లెయిమ్‌కు ఇవి నేరుగా వర్తిస్తాయనుకుని క్లెయిమ్ మీద సంతకం చేయకండి. ఆఫీసు తిరస్కరించినప్పుడు అప్పీలులో వాదించడానికి వాడుకోండి.

సస్పెన్షన్‌లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చే జీవనభత్యం దగ్గర రూలు ఇంకా కఠినం. వేరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి ఏదీ చేయడం లేదని ధ్రువపత్రం ఇస్తేనే ఆ డబ్బు వస్తుందని కేంద్ర ఉద్యోగుల ఎఫ్ఆర్ 53 చెబుతుంది. ఆ సమయంలో ఖాళీగా ఉన్నాం కదా అని ట్యూషన్లు చెప్పడం కూడా మరో అభియోగానికి దారి తీయగలదు.

సినిమా కార్మికుడు ఈ లెక్కలో ఎక్కడ?

కృష్ణానగర్ అనగానే గుర్తొచ్చే 24 క్రాఫ్ట్స్ కార్మికుల్లో ఎక్కువ మందికి పైన చెప్పిన ఏ భృతీ అందదు. కారణం వాళ్ల పని ఉన్న తీరే. సినిమాకో నిర్మాణ సంస్థ, షెడ్యూలుకో మేనేజరు, రోజుకో బేటా. రెండేళ్ల బీమా రికార్డు అన్న షరతు దగ్గరే వాళ్లు ఆగిపోతారు. 1981లో సినీ కార్మికుల కోసం పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి ఉపాధి షరతులకు, ఇంకొకటి సంక్షేమ నిధికి. పని లేని రోజులకు భృతి ఆ రెండింటి ఉద్దేశంలో లేదు.

2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ నిత్యావసరాలు పంచింది. ఆకలి తీర్చిన పని అది, కాదనలేం. కానీ హక్కుగా రావాల్సిన చోట సాయంగా రావడమే అసలు సమస్య. 2025 ఆగస్టులో ఫిల్మ్ ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు అడుగుతూ సమ్మెకు దిగింది. రెండు వారాలు దాటి సాగిన ఆ సమ్మె మూడేళ్లలో 22.5 శాతం పెంపు ఒప్పందంతో ముగిసింది. పని ఉన్న రోజు కూలి పెరిగింది. పని లేని రోజు సంగతి మళ్లీ వెనక్కి పోయింది.

జాతీయ శ్రామిక సర్వేలో వారపు లెక్క ప్రకారం గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఆ మనిషి ఉపాధిలో ఉన్నట్టే. వారానికి ఒక్క షూటింగు దొరికిన జూనియర్ ఆర్టిస్టు ఆ లెక్కలో నిరుద్యోగి కాదు. గంట పని చేస్తే గణాంకాల్లో ఉద్యోగి, కానీ రెండేళ్లు పని చేసినా బీమాలో కార్మికుడు కాదు.

కంప్యూటర్ చెప్పిన ఆదాయం

సంపాదన దాచారన్న నింద ఎవరి మీద పడుతుంది, ఎలా పడుతుంది అన్నదానికి తెలంగాణలోనే పెద్ద ఉదాహరణ ఉంది. రేషన్ కార్డుల ఏరివేతకు రాష్ట్రం వేర్వేరు శాఖల డేటాను కలిపి చూసే 'సమగ్ర వేదిక' వ్యవస్థను వాడింది. వాహనం, ఆస్తి, కరెంటు బిల్లు లాంటి వివరాలు జతచేసి ఫలానా కుటుంబం అనర్హమని లెక్క తేలుస్తుంది. 2014, 2019 మధ్య 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసింది లేదు. అసలు కారే లేని కుటుంబానికి పేర్ల గందరగోళంతో కారు అంటగట్టిన ఉదంతాలు బయటికి వచ్చాయి. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది.

రేపు తెలంగాణలో నిరుద్యోగ భృతి వస్తే అర్హత తేల్చేది ఇలాంటి యంత్రమే అయ్యే అవకాశం ఎక్కువ. ఫోన్‌పేలో స్నేహితుడు పంపిన 3,000 రూపాయలు ఆదాయమా, అప్పా? పక్కింటి వాళ్ల ఆటో మీ పేరు మీద ఉంటే మీరు ఆటో యజమానా? అడిగి తెలుసుకోకుండా యంత్రం జవాబు చెప్పేస్తే, తప్పు నిరూపించుకునే భారం మొత్తం పేదవాడి మీద పడుతుంది.

వేరే దేశాల్లో ఎలా?

సైడ్ ఇన్‌కమ్ ఉంటే భృతి మొత్తం ఆపేయడం తప్పనిసరి ఏమీ కాదు. జర్మనీలో నిరుద్యోగ బీమా తీసుకుంటూ వారానికి 15 గంటల లోపు పని చేయవచ్చు. నెలకు 165 యూరోల దాకా సంపాదన భృతిని తాకదు, ఆపైన ఉన్నదే కోత పడుతుంది. బ్రిటన్ యూనివర్సల్ క్రెడిట్‌లో 2021 చివరి నుంచి సంపాదనలో ప్రతి పౌండుకు 55 పెన్స్ మాత్రమే కోస్తారు. అంటే పని చేసిన వాడికి ఎంతో కొంత మిగులుతుంది. మన వాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని టెక్సస్‌లో వారపు భృతిలో 25 శాతం దాకా సంపాదిస్తే కోత ఉండదు. అయితే ఏ వారం పని చేశారో ఆ వారమే, డబ్బు చేతికి రాకపోయినా, పన్నులు కోయకముందు మొత్తం చెప్పాలి.

ఈ మూడింటిలోనూ నిజం చెప్పిన వాడు పూర్తిగా నష్టపోడు. చెబితే మొత్తం పోయే చోట ఎవరూ చెప్పరు, చెబితే కొంతే తగ్గే చోట చెబుతారు. ఇందులో నీతి బోధించాల్సిందేమీ లేదు, ఉన్నది లెక్కే.

ఇప్పుడు చేయగలిగినవి

క్లెయిమ్ పెట్టే వాళ్లకు, వాళ్ల పక్కన నిలబడే కార్యకర్తలకు:

1. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, చేసిన పని, వచ్చిన డబ్బు, ఇచ్చిన వాళ్ల పేరు. పని లేని రోజు 'లేదు' అని రాయండి. రేపు ఎవరైనా అడిగితే ఇదే మీ సాక్ష్యం.

2. క్లెయిమ్ చదివాకే సంతకం పెట్టండి. ముందే టైపు చేసి ఉన్న కాగితంలో తేదీలు మీ నోట్‌బుక్‌తో సరిపోయాయో లేదో చూడండి. చదవడం రాని వాళ్లకు ఎవరైనా తెలుగులో చదివి వినిపించాలి.

3. పని దొరికితే బ్రాంచి ఆఫీసుకు ఒక చిన్న ఉత్తరం ఇవ్వండి. పేరు, బీమా నంబరు, పని మొదలైన తేదీ, చివరి తేదీ. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోండి. నోటి మాటగా చెప్పింది ఆఫీసు రికార్డు కాదు.

4. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. హైదరాబాద్‌లో ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయం ఆదర్శ్‌నగర్‌లో ఉంది.

5. డబ్బు తిరిగి కట్టమని నోటీసు వస్తే భయపడి వెంటనే కట్టకండి. ఏ తేదీలకు, ఏ ఆధారంతో అడుగుతున్నారో చెప్పమనండి. మీ వాదన వినకుండా రికవరీ చేయడం సహజ న్యాయానికి విరుద్ధం.

6. లాయర్ ఫీజు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

7. కక్షతో ఎవరైనా 'దొంగ క్లెయిమ్' అని తప్పుడు ఫిర్యాదు ఇచ్చి అధికారితో వేధింపజేస్తే, బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(క్యూ) వర్తించే వీలుంది. ఫిర్యాదు తప్పుడుదని చూపే ఆధారాలు ముందు సిద్ధం చేసుకోండి.

8. ఫెలోషిప్ మీద ఉన్న పరిశోధక విద్యార్థులకు: అది భృతి కాదు గానీ వేరే జీతం తీసుకోబోమన్న హామీ మీరూ ఇచ్చి ఉంటారు. గెస్ట్ లెక్చర్లు, ప్రాజెక్టు పని ఒప్పుకునే ముందు గైడు ద్వారా రాతపూర్వక అనుమతి తీసుకోండి.

అడగాల్సినవి

తెలంగాణలోనైనా, ఆంధ్రలోనైనా నిరుద్యోగ భృతి మీద చర్చ నెలకు ఎన్ని వేలు అన్న దగ్గరే ఆగుతోంది. మూడు వేలా, నాలుగు వేలా అన్నదెంత ముఖ్యమో, ఎవరిని నిరుద్యోగి అంటారు అన్నది అంతకంటే ముఖ్యం. మన సంఘాలు ఇప్పుడే నాలుగు విషయాలు అడగాలి. చిల్లర సంపాదనకు ఒక పరిమితి పెట్టి దాని లోపల భృతి తగ్గకూడదు. దాటితే కొంత కోత పడాలే తప్ప మొత్తం ఆగకూడదు. సినిమా, గిగ్, ఇంటి పని చేసే వాళ్లకు యజమాని పేరుతో కాక పని రోజుల లెక్కతో బీమా ఉండాలి. కంప్యూటర్ డేటా ఆధారంగా ఎవరి భృతి ఆపినా ముందు నోటీసు, విచారణ ఉండాలి.

అమ్ముకునే శ్రమ తప్ప ఇంకో ఆస్తి లేని వాడు ఒక్కరోజు శ్రమ అమ్ముకున్నందుకు మిగతా 29 రోజుల రక్షణ పోగొట్టుకోవడం న్యాయం కాదు. జీవో వచ్చాక దాన్ని సవరించమని తిరగడం కష్టం. జీవో రాకముందే ఈ నాలుగు మాటలూ అందులో చేర్పించాలి.